మూత కింద ముసలమ్మ: పెర్త్ బుష్‌ల్యాండ్‌లో నేల సాలీళ్లను కాపాడుకోవడం ఎలా

పశ్చిమ ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో, మా పేటలో ఇళ్ల మధ్య మిగిలిపోయిన చిన్న బుష్‌ల్యాండ్ (స్థానిక చెట్లూ పొదలూ ఉన్న సహజ నేల) ముక్క ఒకటుంది. అందులో ఒక బ్యాంక్సియా చెట్టు మొదట్లో, రెండు డాలర్ల బిళ్ల అంత గుండ్రటి మూత ఉంటుంది. ఇసుకనీ పట్టునీ కలిపి అల్లిన మూత. దాని అంచులకు సన్నటి పుల్లలు, ఎండుటాకు ముక్కలు మీసంలా అతికించి ఉంటాయి. పక్కనే నిలబడి చూసినా కనపడదు, మోకాళ్ల మీద కూర్చుంటేనే తెలుస్తుంది. దాని కింద ఉన్నది ఆడ ట్రాప్‌డోర్ సాలీడు. నేను ఈ ఊరికి రాకముందు నుంచే ఆవిడ అక్కడ కాపురం ఉంటూ ఉండొచ్చు.

ఇది అతిశయోక్తి కాదు. పశ్చిమ ఆస్ట్రేలియాలోనే, పెర్త్‌కి తూర్పున గోధుమ పొలాల మధ్య ఉన్న నార్త్ బంగల్లా రిజర్వ్‌లో, బార్బరా యార్క్ మెయిన్ అనే శాస్త్రవేత్త 1974లో ట్రాప్‌డోర్ సాలీళ్ల బొరియల పక్కన నంబర్లు పాతి లెక్క మొదలుపెట్టారు. వాటిలో 16వ నంబరు సాలీడు 43 ఏళ్లు బతికింది. 2016లో వెళ్లి చూస్తే మూతకు చిల్లు పడి ఉంది, సాలీడు లేదు. ముసలితనం కాదు, కందిరీగ పని. అన్నేళ్లూ అది ఉన్నది ఒకే బొరియలో.

ఈ వ్యాసంలో చెప్పేదంతా ఆ ఒక్క విషయం మీదే నడుస్తుంది. ఆడ ట్రాప్‌డోర్ ఇల్లు మారదు. పుట్టిన మొదటి ఏడాది తల్లి బొరియ నుంచి నాలుగడుగులు నడిచి గుంత తవ్వుకుంటుంది, పెరిగే కొద్దీ దాన్నే వెడల్పు చేసుకుంటుంది, కడుపులో చల్ల కదలకుండా అక్కడే ముసలిదవుతుంది. కాబట్టి మనం కాపాడాల్సింది ముందు ఆ అడుగు మేర నేలని, ఆ తర్వాతే సాలీడుని.

మొదటి అడుగు: ఎవరెవరున్నారో తెలుసుకోండి

పేర్లన్నీ బట్టీ పట్టక్కర్లేదు. పెర్త్ ఇసుక నేలల్లో తరచు ఎదురయ్యే నాలుగు రకాలు గుర్తుపట్టగలిగితే సగం పని అయినట్టే.

మూత ఉన్న బొరియ, చుట్టూ పుల్లల మీసం కనిపిస్తే ట్రాప్‌డోర్. ఇక్కడి స్వాన్ తీరమైదానానికే చెందిన ఇడియోసోమా సిజిలేటమ్ అనే రకానికి వీపు వెనక భాగం గట్టిపడి డాలులా ఉంటుంది. శత్రువు బొరియలోకి దూరితే తలకిందులై ఆ డాలుతో దారి మూసేస్తుంది, సీసాకు బిరడా పెట్టినట్టు. రాష్ట్ర వన్యప్రాణి శాఖ ఈ రకాన్ని తన ‘ప్రయారిటీ’ జాబితాలో, అంటే కనిపెట్టి ఉండాల్సిన రకాల జాబితాలో పెట్టుకుంది.

మూత లేకుండా, నోటి చుట్టూ తెల్లటి పట్టు కాలర్‌లా ఉండి, లోపల వై ఆకారంలో రెండుగా చీలే బొరియ అయితే విష్‌బోన్ సాలీడు. దీన్ని చూసి ఫనెల్‌వెబ్ అని హడలిపోయేవాళ్లు చాలామంది. ప్రాణం తీయగల సిడ్నీ ఫనెల్‌వెబ్ ఉండేది సిడ్నీ చుట్టుపక్కల, ఖండానికి అటు చివర. పెర్త్‌లో దాని గురించి టెన్షన్ పడక్కర్లేదు.

పొట్టిగా, నున్నగా మెరుస్తూ, తల భాగం ఉబ్బెత్తుగా ఉండేది మౌస్ స్పైడర్. దీని కాటు మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. కుడితే కాలికో చేతికో గట్టిగా కట్టు చుట్టి, కదపకుండా ఆసుపత్రికి వెళ్లాలి.

నాలుగోది వుల్ఫ్ స్పైడర్. రాత్రి టార్చిని కంటి పక్కన పెట్టుకుని నేల మీదకు వెలుగు వేస్తే మంచు బిందువుల్లా మిలమిల మెరిసేవి దీని కళ్లే. గుడ్ల సంచిని వెనక కట్టుకు తిరుగుతుంది, పిల్లలు పుట్టాక వీపు మీద మోస్తుంది. మిగతా మూడింటిలా ఏళ్ల తరబడి బతకదు గానీ, దాని లెక్క కూడా నేల ఆరోగ్యం చెబుతుంది.

రెండో అడుగు: బొరియలు వెతకడం

ఇక్కడ తొందరపడకూడదు. మొదటిసారి వెళ్లినప్పుడు గంటసేపు తిరిగి ‘ఇక్కడేం లేవు’ అని తేల్చేశాను. రెండో వారం, అనుభవం ఉన్న వాలంటీరు ఒకావిడ నన్ను పక్కన కూర్చోబెట్టి, ఒక్క చదరపు మీటరు మీద కళ్లు నిలిపి పది నిమిషాలు కదలొద్దంది. ఏడు నిమిషాలకు ఒక మూత కనిపించింది. నా బూటుకి జానెడు దూరంలో.

మే నుంచి సెప్టెంబరు దాకా మంచి కాలం, దక్షిణార్ధగోళంలో అవి చలి నెలలు. వానలు పడి నేల తడిగా ఉంటుంది, మూతలు పని చేస్తుంటాయి. ఎండాకాలంలో చాలా ట్రాప్‌డోర్‌లు మూతని లోపలి నుంచి మట్టితో, పట్టుతో బిగించేసుకుంటాయి. అప్పుడు చూసి చచ్చిపోయిందనుకుంటే పొరపాటే.

పొద్దున్నే, ఎండ ఏటవాలుగా పడేటప్పుడు వెళ్లండి. మూత అంచు దగ్గర సన్నటి నీడ గీత పడుతుంది, అదే ఆనవాలు. పుల్లలన్నీ ఒకే చోటి నుంచి బయటికి పరుచుకున్నట్టు ఉంటే ఆగండి, ఎందుకంటే గాలికి రాలిన పుల్లలు అలా పడవు. ఆ పుల్లలు అలంకారం కాదు, దాని వేటకి తీగలు. చీమ ఒకటి పుల్ల తొక్కితే ఆ అదురు బొరియ నోటి దగ్గర కాచుకున్న సాలీడు కాళ్లకు చేరుతుంది. మూత లేచి పడటం, చీమ మాయమవడం రెప్పపాటులో అయిపోతాయి.

చెట్ల మొదళ్లు, పొదల నీడ అంచులు, షీఓక్ (ఇక్కడి సరుగుడు) చెట్ల సూదుల్లాంటి ఆకులు మెత్తగా పరుచుకున్న చోట్లు ముందు చూడండి. ఒకటి దొరికితే కాలు కదపకుండా చుట్టూ మీటరు మేర వెతకండి. పిల్లలు తల్లికి దగ్గర్లోనే స్థిరపడతాయి కాబట్టి ఇవి గుంపులుగా ఉంటాయి. పెద్ద మూత చుట్టూ పెసరగింజంత మూతలు కనిపిస్తే ఆ రోజు పండగే.

మూత ఎత్తి చూడకండి. కత్తి మొనతో కాదు, పుల్లతో కూడా వద్దు. లోపల సాలీడు కోరలతో మూతని బిగించి పట్టుకుంటుంది, మీరు లాగితే కీలు తెగుతుంది. తెగిన మూతని మళ్లీ అల్లుకోవడానికి దానికి పట్టూ ఒంట్లో ఓపికా ఖర్చవుతాయి, ఈలోగా చీమలకీ తేళ్లకీ తలుపు తెరిచిపెట్టినట్టే. ఫోటో కోసమని మూత లేపే మనిషిని మా బృందంలోకి రానివ్వం. మర్యాద తక్కువ అనుకున్నా ఫర్వాలేదు.

మూడో అడుగు: నంబరు, కొలత, నోటుబుక్కు

ఈ పనికి ముందు స్థలం ఎవరిదో కనుక్కుని, వాళ్ల అనుమతి రాతపూర్వకంగా తీసుకోండి. చాలావాటికి స్థానిక కౌన్సిల్, కొన్నింటికి రాష్ట్ర శాఖ యజమాని. సాలీళ్లను పట్టుకోవడం, గుంత ఉచ్చులు పెట్టడం లాంటివి చేయాలంటే పశ్చిమ ఆస్ట్రేలియా 2016 జీవవైవిధ్య చట్టం కింద లైసెన్సు వేరే కావాలి. మనకది అవసరం లేదు, చూసి రాసుకోవడం చాలు.

ప్రతి బొరియకూ ఒక నంబరు. సన్నటి అల్యూమినియం ట్యాగుని మేకుకి కట్టి, మూతకు ఎప్పుడూ ఒకే దిక్కున, ఒకే దూరంలో పాతండి. మేము దక్షిణ దిక్కున 20 సెంటీమీటర్లు పెట్టుకున్నాం. దూరం ఎందుకంటే బొరియ కింద ఎటు వంగిందో మనకు తెలియదు. మేకు కొట్టేటప్పుడు గోడ కూలితే కొంప మునుగుతుంది. పొడవాటి మేకులొద్దు, వేలంత లోతు దిగితే చాలు.

తర్వాత మూత వెడల్పు. ప్లాస్టిక్ కాలిపర్‌ని మూతకు తగలనివ్వకుండా పైన పట్టుకుని మిల్లీమీటర్లలో చదవండి. సాలీడు పెరిగినప్పుడల్లా మూత అంచుకు కొత్త వరస కలుపుతుంది కాబట్టి, మూత వెడల్పే దాని వయసుకి మనకు దొరికే కొలబద్ద. ఏడాదికి ఒక్కసారి, అదే నెలలో కొలవండి. అంతకు మించి వెళితే మన అడుగులే దానికి శత్రువులు.

నోటుబుక్కులో ఇంకో గడి ఉండాలి, బతికుందా లేదా అని. మూత మెత్తగా, అంచులు సరిగ్గా కూర్చుని ఉంటే ఉన్నట్టు లెక్క. మూత ఊడిపోయి, బొరియలో ఇసుక నిండి, లోపలి పట్టు చిరిగి వేలాడుతుంటే పోయినట్టు. మూత మధ్యలో చిల్లు ఉంటే కందిరీగని అనుమానించండి. అది సహజ మరణం, దానికి మనం చేసేదేమీ లేదు.

మూడు నాలుగేళ్ల లెక్కలు చేతికొచ్చాక అసలు సంగతి బయటపడుతుంది. చిన్నా పెద్దా అన్ని సైజుల మూతలూ ఉంటే ఆ చోటు బాగున్నట్టు. అన్నీ పెద్దవే ఉండి, మిల్లీమీటర్లలో కొలిచే చిన్నవి ఒక్కటీ లేకపోతే జాగ్రత్త పడాలి. చూడ్డానికి కళకళలాడుతూనే ఉంటుంది, కానీ పిల్లలు లేని వృద్ధాశ్రమం అది. ఇంకో పదేళ్లో ఇరవయ్యేళ్లో అలాగే నెట్టుకొచ్చి ఒక్కసారిగా ఖాళీ అవుతుంది. ఆడవి ఇంతకాలం బతకడం వల్లే వీటి నష్టం మన కంటికి ఆలస్యంగా ఆనుతుంది.

బొరియలున్న కచ్చితమైన చోటు ఆన్‌లైన్‌లో పెట్టకండి. పెంచుకోవడానికీ అమ్ముకోవడానికీ తవ్వుకుపోయేవాళ్లుంటారు. ఐనాచురలిస్ట్ లాంటి యాప్‌లో వేస్తే లొకేషన్ దాచే సెట్టింగ్ పెట్టండి.

నాలుగో అడుగు: శుభ్రం చేయడం మానండి

నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనదీ, జనాన్ని ఒప్పించడం అన్నిటికన్నా కష్టమైనదీ ఇదే. రాలిన ఆకుల్ని చెత్త అంటాం. అంటే ఎత్తిపోయాల్సినదని అప్పుడే తీర్పు చెప్పేసినట్టు. ఆ ‘చెత్తే’ నేలకి గొడుగు. ఎండాకాలంలో ఇక్కడ ఉత్త ఇసుక మీద చెయ్యి పెట్టలేం. ఆకుల పొర కింద తేమ నిలుస్తుంది, చీమలూ పురుగులూ తిరుగుతాయి, సాలీడుకి మూత కట్టుకునే సామాను దొరుకుతుంది.

అలాగని ఎంత ఉంటే అంత మంచిదనీ కాదు. ఈ పాఠం మేము కష్టపడి నేర్చుకున్నాం. ఒకసారి మా బృందమే, దారి పక్కన కలుపు రాకుండా అని, కోసిన చెట్ల చెక్కముక్కల మల్చ్ అరచెయ్యి మందాన పరిచింది. అక్కడ బొరియలున్నాయని ఎవరం చూడలేదు. మరుసటి ఏడాది కొలతలకి వెళితే నాలుగు నంబర్ల మేకులు మల్చ్‌లోంచి తలలు బయటపెట్టి ఉన్నాయి, మూతలు అడుగున. రెండు మాత్రం ఎలాగో పైకి గొట్టంలా పొడిగించుకుని బతికాయి, మిగతా రెండూ పోయాయి. అప్పటి నుంచి మాకు రూలు ఒక్కటే. ఆ చెట్టు తనంతట తాను రాల్చినదే ఉండాలి, బయటి నుంచి తెచ్చి పోయకూడదు, ఉన్నది ఊడ్చకూడదు.

పడిపోయిన కొమ్మలు, మోడులు కూడా కదపకండి. దొర్లించి కింద ఏముందో చూడాలన్న సరదా పిల్లలకే కాదు, పెద్దలకూ ఉంటుంది.

ఐదో అడుగు: కలుపు తీసేటప్పుడు

పెర్త్ బుష్‌ల్యాండ్‌కి పెద్ద పీడ దక్షిణ ఆఫ్రికా నుంచి వచ్చిన వెల్డ్ గడ్డి. తామరతంపరగా పెరిగి చెట్ల మధ్య ఖాళీలన్నీ నింపేస్తుంది, ఎండాకాలం వచ్చేసరికి ఎండి అగ్గిపుల్లలా తయారవుతుంది. తీసేయాల్సిందే. ఎలా తీస్తామన్నదే ప్రశ్న.

బొరియకు అర మీటరు లోపల గడ్డిని పీకకండి. వేరుతో పాటు ఇసుక గడ్డ లేచి వస్తుంది, అందులో బొరియ గోడ కూడా ఉండొచ్చు. మొదట్లో కత్తెరతో కోసి, గింజ కట్టకముందే కంకులు సంచిలో వేసుకుని తీసుకెళ్లండి. మళ్లీ చిగురిస్తుంది, మళ్లీ కోయాలి. విసుగు పుట్టించే పనే గానీ వేరే దారి లేదు. అర మీటరు అవతల అయితే వానల తర్వాత, ఇసుక తడిగా ఉన్నప్పుడు చేత్తో పీకవచ్చు. మందు కొట్టక తప్పని పెద్ద మేటలుంటే ఆ పని లైసెన్సు ఉన్నవాళ్లకి వదిలి, బొరియల మ్యాప్ వాళ్ల చేతిలో పెట్టండి. మీ మ్యాప్ అన్నిటికన్నా బాగా అక్కరకొచ్చేది అక్కడే.

అంతా ఒకే సీజన్‌లో తీసేయొద్దు. గడ్డి ఎంత చెడ్డదైనా, చుట్టూ మరేమీ లేనప్పుడు నీడ ఇస్తున్నది అదే. ముక్కలు ముక్కలుగా తీస్తూ, ఖాళీ అయిన చోట స్థానిక పొదలు లేచాక తర్వాతి ముక్కకి వెళ్లండి. మొక్కలు నాటే గుంతలూ బొరియలకు దూరంగానే ఉండాలి.

ఆరో అడుగు: బూట్లకంటిన మట్టి

ఫైటాఫ్తొరా సినమోమీ అనే సూక్ష్మజీవి మట్టిలో ఉండి వేళ్లను కుళ్లబెడుతుంది. ఇక్కడ దాన్ని డైబ్యాక్ అంటారు. బ్యాంక్సియాలు దీనికి ఇట్టే లొంగిపోతాయి. సాలీడుని అది ముట్టుకోదు. కానీ చెట్టు చస్తే నీడ పోతుంది, ఆకులు రాలవు, నేల కాలుతుంది. ముసలి సాలీడు ఎలాగో నెట్టుకొస్తుంది గానీ పిల్లలు నిలవవు.

ఇది ఒకచోటి నుంచి మరోచోటికి పోయేది ఎక్కువగా మన బూట్ల మీదే. లోపలికి వెళ్లే ముందూ వచ్చాకా అడుగున అంటిన మట్టిని బ్రష్‌తో రాల్చి, మెథిలేటెడ్ స్పిరిట్ స్ప్రే కొట్టండి. పారలకీ సైకిలు చక్రాలకీ ఇదే పద్ధతి. నడిచే దారి ఒక్కటే ఉండాలి. అడ్డదారులు పడ్డ చోట ఎండుకొమ్మలు అడ్డం వేస్తే, బోర్డు పెట్టినదానికన్నా బాగా పని చేస్తుంది.

ఏడో అడుగు: మంట

బొరియలో లోతుగా ఉన్న సాలీడు మంటకి చావకపోవచ్చు. ఇసుక వేడిని కిందికి అంత త్వరగా దిగనివ్వదు. అసలు గండం మంట ఆరాక. పైన ఆకు లేదు, నీడ లేదు, తినడానికి పురుగు లేదు, కాలిపోయిన మూతని కట్టుకోవడానికి పుల్ల లేదు. పక్షులకు నేలంతా తెరిచిన పళ్లెం.

అగ్నిప్రమాదాల విషయంలో కౌన్సిల్ నిబంధనలే ముందు, ఇళ్లు పక్కనే ఉన్నప్పుడు వాటితో పేచీ పెట్టుకోలేం. కానీ ముందస్తు మంట (పెద్ద మంటలు రాకుండా ఎండు గడ్డినీ ఆకుల్నీ ముందే కాల్చేయడం) పెట్టే ప్రణాళిక వేసేటప్పుడు వెళ్లి రెండు మాటలు అడగండి. మొత్తం ఒకేసారి కాల్చవద్దనీ, బొరియల గుంపులున్న ముక్కని వదిలేయమనీ. కొద్ది హెక్టార్ల స్థలంలో ఒక మూల కాలకుండా మిగిలినా చాలు. అక్కడి నుంచి తిరిగి నిండుతుంది, దశాబ్దాలు పట్టినా. ఇప్పటికే కాలిపోయి ఉంటే, ఆ చోట నడవడం ఆపి, మొదటి వానలకి వెల్డ్ గడ్డి లేవకుండా కాపలా కాయండి.

ఎనిమిదో అడుగు: స్థలమే పోయేలా ఉంటే

రోడ్డు వస్తుందనో ఇళ్లు వస్తాయనో తెలిసినప్పుడు మొదట ఎవరికైనా తట్టే ఆలోచన, సాలీళ్లను తవ్వి వేరేచోట పెడదామని. అది ఆఖరి దారి, అదీ నిపుణుల చేతిలోనే. వయసొచ్చిన ఆడ సాలీడు కొత్తచోట ఆ లోతు బొరియని మళ్లీ తవ్వుకోవడం తేలిక కాదు.

దాని బదులు చట్టం తలుపు తట్టండి. స్వాన్ తీరమైదానపు బ్యాంక్సియా అడవుల్ని ఆస్ట్రేలియా ఫెడరల్ ప్రభుత్వం 2016లో అంతరించే ప్రమాదంలో ఉన్న జీవసముదాయంగా జాబితాలో చేర్చింది. పరిమాణం, స్థితి విషయంలో షరతులున్నాయి గానీ, మీ ముక్క ఆ లెక్కలోకి వస్తే సాలీడు పేరెత్తకుండానే సాలీడుకి రక్షణ దొరుకుతుంది. పెర్త్ బుష్‌ల్యాండ్‌ని కాపాడేందుకు 2000లో రాష్ట్రం ప్రకటించిన బుష్ ఫరెవర్ ప్రణాళికలో మీ స్థలం ఉందేమో చూసుకోండి. కౌన్సిల్ అభిప్రాయాలు అడిగే గడువులోపు, మీ నోటుబుక్కులోని ఏళ్లవారీ లెక్కలు జతచేసి పంపండి. ‘మాకు ప్రకృతి ఇష్టం’ అనే వంద ఉత్తరాల కన్నా, నంబర్లతో ఒక్క పేజీ బరువెక్కువ.

తొమ్మిదో అడుగు: మగవాటికి దారి

ఆడవి కదలవు కాబట్టి కదలాల్సింది మగవే. కొన్నేళ్లు బొరియలో పెరిగి, వయసు రాగానే, శరత్తు చివర్లో చలికాలం మొదట్లో (ఇక్కడ మే, జూన్) వాన పడ్డ రాత్రుల్లో బయటపడి ఆడదాని కోసం నడుస్తాయి. ఆ సీజన్ దాటి బతకవు. ఉన్న కొద్ది రోజుల్లోనే రోడ్డు దాటాలి, కెర్బు ఎక్కాలి, ఇళ్ల లైట్లలోంచి పోవాలి. ఎక్కువగా మన కంటబడేవి ఇవే, చెప్పుదెబ్బ తినేవీ ఇవే.

బుష్‌ల్యాండ్‌ని ఆనుకున్న ఇళ్లవాళ్లతో మాట్లాడాల్సింది వీటి గురించే. పెరటి అంచున పురుగుమందు కొట్టొద్దనీ, ఆ రెండు మూడు నెలలు వెనక లైటు ఆపమనీ, పచ్చికకి బదులు అంచున ఒక వరస స్థానిక పొదలు పెట్టమనీ అడగండి. ఒకేసారి మూడూ అడిగితే ఎవరూ వినరు. లైటుతో మొదలుపెట్టండి, కరెంటు బిల్లు తగ్గుతుంది కాబట్టి తేలిగ్గా ఒప్పుకుంటారు.

ఈత కొలనులున్న ఇళ్లకి ఇంకో మాట చెప్పాలి. మే, జూన్ నెలల్లో పొద్దున కొలను అడుగున కాళ్లు ముడుచుకున్న నల్ల సాలీడు కనిపిస్తే చచ్చిందనుకుని చేత్తో తీయొద్దు. నీళ్లలో చాలాసేపు మునిగి ఉండి కూడా తేరుకోగలవు. పొడవాటి వలతో తీసి, గాజు సీసా బోర్లించి, కింద అట్టముక్క దూర్చి, కంచె అవతల పొద కింద వదిలేయండి. కాసేపటికి ముందు ఒక కాలు కదులుతుంది.